పాత ఇంజనుకు కొత్త ఊపిరి

విద్యార్థులారా,

పాత సెడాన్ కారు ఒకటి తక్కువ ధరకు కొని, దాని ఇంజను మార్చో, సూపర్‌చార్జర్ బిగించో వేగం పెంచుకోవాలన్న కోరిక మీలో కొందరికైనా ఉంటుంది. ఆ కోరిక మంచిదే. అయితే స్పానరు పట్టుకునే ముందు రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలి. ఇంజనుకు బలం ఎక్కడినుంచి వస్తుంది? ఆ బలం పెంచితే దానితోపాటు ఇంకేమేమి మార్చవలసి వస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ ఈ రోజు మనం పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ దాకా వెళ్లి వద్దాం.

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వాళ్లు అక్కడి వర్క్‌షాపులో పనికి వెళ్లి స్థిరపడ్డారు. నిమ్‌పురా, మథురాకాఠి వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడి డీజిల్ షెడ్‌లో దశాబ్దాలపాటు ఆల్కో జాతి ఇంజన్లు ఉండేవి. డ్రైవరు హ్యాండిల్ పెంచగానే పొగగొట్టం నుంచి నల్లటి పొగ గుప్పున లేచేది, కాసేపటికి అదే పలచబడేది. ఈ పొగ కథ అర్థమైతే సూపర్‌చార్జర్ అర్థమైనట్టే.

ముందు మొదటి ప్రశ్న చూద్దాం. ఇంజనులో మండేది ఇంధనం. కాని ఎంత ఇంధనం మండగలదన్నది గాలి మీద ఆధారపడి ఉంటుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పాత అంబాసిడర్ కారు ఇంజను 1489 సీసీ, అంటే దాదాపు లీటరున్నర. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి అది పీల్చగల గాలి ఎక్కువలో ఎక్కువ లీటరున్నర. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు కాబట్టి 1.8 గ్రాముల గాలి వచ్చింది. దానికి సరిపడే పెట్రోలు 0.12 గ్రాములు మాత్రమే. అంతకుమించి పోస్తే పొగ వస్తుందే గాని బలం రాదు.

మరి బలం పెరగాలంటే? మార్గాలు మూడు. ఇంజనును పెద్దది చెయ్యాలి, లేదా వేగంగా తిప్పాలి, లేదా అదే సిలిండర్లో ఎక్కువ గాలిని కుక్కాలి. ఈ మూడో పని చేసేదే సూపర్‌చార్జర్. 1860లో అమెరికాలో రూట్స్ సోదరులు పేటెంటు పొందిన గాలి యంత్రమే ఇందులో ఒక రకానికి మూలం. కార్లలో దాన్ని బెల్టుతో క్రాంక్ షాఫ్టే తిప్పుతుంది. అంటే ఇంజను తన బలంలో కొంత పెట్టుబడి పెట్టి, అంతకన్నా ఎక్కువ తిరిగి రాబట్టుకుంటుంది. 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి వేరే దారి చూపాడు. బయటికి పోయే వేడి పొగతోనే టర్బైన్ తిప్పి, ఆ టర్బైన్‌తో గాలిని నొక్కించాడు. అదే టర్బోచార్జర్. మన రైల్వే వాళ్లు దీన్ని టర్బో సూపర్‌చార్జర్ అంటారు.

ఇప్పుడు ఆ నల్ల పొగ సంగతి తెలిసిపోయింది కదా! హ్యాండిల్ పెంచగానే డీజిల్ వెంటనే పెరుగుతుంది. టర్బైన్ మాత్రం వేగం పుంజుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఈలోపు గాలి చాలదు, డీజిల్ సగం మండి మసిగా పోతుంది. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్‌కు ఈ ఆలస్యం లేదు. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది.

ఇక రెండో ప్రశ్న. మన దేశంలో విస్తారంగా నడిచిన డబ్ల్యూడీఎం-2 లోకోమోటివ్ తీసుకోండి. అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ నుంచి 1962లో వచ్చింది. 1964 నుంచి వారణాసిలో తయారైంది. పదహారు సిలిండర్లు, ఒక్కొక్కటి దాదాపు 11 లీటర్లు, మొత్తం సుమారు 175 లీటర్లు. సామర్థ్యం 2600 హార్స్‌పవర్. తరువాతి కాలంలో అదే ఇంజనును, సిలిండర్ల సైజు మార్చకుండానే, 3100 హార్స్‌పవర్‌కు పెంచారు. అదే డబ్ల్యూడీఎం-3ఏ. పాత లోకోమోటివ్‌లను కూడా పటియాలాలోని రైల్వే కర్మాగారంలో తిరిగి కట్టి ఇలా మార్చారు.

పెరిగింది 19 శాతం. దానికోసం ఎన్ని మార్చారో వినండి. మెరుగైన టర్బో, పెద్ద ఇంధన పంపులు, కొత్త కామ్‌షాఫ్ట్, గట్టి పిస్టన్లు, పెద్ద ఆఫ్టర్‌కూలర్. ఒక్క టర్బో మార్చి ఊరుకోలేదు.

ఆఫ్టర్‌కూలర్ ఎందుకో లెక్క వేద్దాం. సైకిలు పంపు కొడితే కింద వేడెక్కుతుంది. గాలిని నొక్కితే అంతే. 27 డిగ్రీల గాలి, అంటే 300 కెల్విన్. పీడనాన్ని రెట్టింపు చేస్తే సిద్ధాంతం ప్రకారం 93 డిగ్రీలకు చేరుతుంది. నిజమైన యంత్రంలో నష్టాల వల్ల 120 డిగ్రీల దాకా పోవచ్చు. వేడి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి పీడనం రెట్టింపైనా సాంద్రత ఒకటిన్నర రెట్లే. అదే గాలిని 60 డిగ్రీలకు చల్లబరిస్తే సాంద్రత 1.8 రెట్లు అవుతుంది. చల్లబరచడం వల్లనే ఇంత లాభం!

పెట్రోలు ఇంజనుకు ఇంకో చిక్కుంది. డీజిల్ ఇంజను గాలినొక్కదాన్నే నొక్కుతుంది, డీజిల్ చివర్లో పడుతుంది. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసి నలుగుతాయి. పీడనం, వేడి హద్దు దాటితే స్పార్క్ నిప్పు పూర్తిగా వ్యాపించకముందే మిగిలిన మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. పిస్టనుకు చిల్లు పడవచ్చు కూడా. అందుకే జనరల్ మోటార్స్ తన 3.8 లీటర్ల వీ6 ఇంజనుకు 1990లలో సూపర్‌చార్జర్ పెట్టినప్పుడు సంపీడన నిష్పత్తిని 9.4 నుంచి 8.5కు తగ్గించింది. సామర్థ్యం 205 నుంచి 240 హార్స్‌పవర్‌కు పెరిగింది. అమెరికాలో పాత సెడాన్లలోకి మార్చి బిగించేవారికి ఇది ఇష్టమైన ఇంజను. అది నిలిచిందంటే లోపలి భాగాలను ఆ ఒత్తిడికి తగ్గట్టు తయారుచేయడమే కారణం.

మన దగ్గర ఇంజను మార్పిడికి మంచి ఉదాహరణ అంబాసిడరే. హౌరా దాటగానే హింద్ మోటార్ స్టేషన్ వస్తుంది. ఆ పక్కన ఉత్తర్‌పారా కర్మాగారంలో 1990ల ఆరంభంలో పాత ఇంజను స్థానంలో 75 హార్స్‌పవర్ ఇసుజు ఇంజను పెట్టారు. దానితోపాటే అయిదు గేర్ల పెట్టె ఇచ్చారు. కారు తయారీ 2014లో ఆగిపోయింది గాని, పాఠం మాత్రం మిగిలింది. ఇంజను ఒక్కటే మారదు. క్లచ్, గేర్లు, రేడియేటరు, అన్నిటికన్నా ముఖ్యంగా బ్రేకులు మారాలి. గతిజ శక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదువుకున్నారు. 60 కిలోమీటర్ల వేగం 90 అయితే బ్రేకు మింగవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు. 60 వేగానికి సరిపడే డ్రమ్ముల మీద ఆ భారం వేస్తే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎదురుగా రోడ్డు దాటుతున్న మనిషికి మీ ఇంజను ఎంత హార్స్‌పవరో తెలియదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి. 2019 సవరణతో ఇలాంటి మార్పులకు ఆరు నెలల దాకా జైలు గాని, మార్పుకు అయిదు వేల రూపాయల చొప్పున జరిమానా గాని పడవచ్చు.

అంటే ఆశ వదులుకోమని కాదు. ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం 2007 నుంచి మన దేశంలో జరుగుతున్న బాహా పోటీల్లో మీరే బండిని కట్టి, ట్రాక్ మీద నడపవచ్చు. పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చేరి, పాత ఇంజను ఒకటి విప్పి, మళ్లీ బిగించి నడిపించండి. చేతికి గ్రీజు అంటనిదే ఈ విద్య అబ్బదు.

చివరగా ఒక లెక్క ఇస్తున్నాను. వేసవిలో 42 డిగ్రీల విజయవాడలో, శీతాకాలంలో 12 డిగ్రీల ఖరగ్‌పూర్‌లో, ఒకే పీడనం వద్ద లీటరు గాలిలో ఎంత తేడా? కెల్విన్‌లోకి మార్చి భాగించండి. దాదాపు పది శాతం వస్తుంది. ఒకే కారు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు లాగుతుందో అప్పుడు మీకే తెలుస్తుంది.