సీసాలోని నత్త

సొమ్మిచ్చి కొన్నవానికే మనము జవాబుదారులమని వర్తకుల నమ్మిక. 1928లో స్కాట్లండునందలి పెయిస్లీలో డోనహ్యూ అను స్త్రీ అల్లపు పానీయము త్రాగి, సీసాలో కుళ్ళిన నత్త యున్నదని, జబ్బుపడితినని దావా వేసెను. కొన్నది స్నేహితులు; తయారీదారునితో ఆమెకు ఒడంబడికయే లేదు. అయినను 1932లో ప్రభువుల సభ న్యాయమూర్తులైదుగురిలో ముగ్గురు ఆమె పక్షము వహించిరి. మన అజాగ్రత్తవలన హానిపొందునని ఊహింపదగినవాడు మన పొరుగువాడేయని లార్డ్ ఆట్కిన్ వచించెను. ఇంగ్లండు కామన్ లాకును అదియే సూత్రమయ్యెను. నత్త యుండెనో లేదో నేటికిని తేలలేదు! అజాగ్రత్తను ఋజువుచేయు భారము మాత్రము బాధితునిపైననే నిలిచెను. దానిని తొలగింపుమని 1977లో లా కమిషన్ సంస్కర్తలు కోరిరి. 1987లో పార్లమెంటు చట్టము చేసెను. మన దేశమున 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, తయారీదారుడెవరో తెలియని లోపపు సరుకునకు అంగడివాడే బాధ్యుడు. నా కొట్టులోని చీటీలేని డబ్బాలను నిన్ననే లెక్కించితిని.