మా అబ్బాయి తల ఎందుకు పెరగలేదు?
(వార్షిక స్కాలర్‌షిప్పుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను బీకాం చదివి, బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాణ్ని. వైద్యం నాకు తెలిసిన విద్య కాదు. మా ఇంట్లో జరిగింది కనుక చెబుతున్నాను.

1984లో మా అక్క కూతుర్నే చేసుకున్నాను. 1989లో పుట్టిన మా అబ్బాయి తల చిన్నది. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లుంటుంది, ఏడాదికి 45 దాకా పెరగాలి. వాడికి పెరగలేదు. మాటలు కొద్దిగానే వచ్చాయి. ఇప్పటికీ వాడి చొక్కా గుండీలు నేనే పెడతాను. గ్రహణం నాడు బయటికి వెళ్ళిందని బంధువులు నా భార్యను అన్నారు. నేను అడ్డు చెప్పలేదు.

2019లో మా చిన్నమ్మాయిని మదురైలో ఉన్న మా బావమరిది కొడుక్కి ఇద్దామనుకున్నాం. ఒక డాక్టరుగారు ముందు అబ్బాయి రక్తం పరీక్ష చేయించమన్నారు. దోషం ఏఎస్‌పీఎం అనే జీన్‌లో ఉందని తేలింది. దగ్గరి పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్న పాకిస్తానీ కుటుంబాలను పరిశీలించి, ఇంగ్లండులోని లీడ్స్ పరిశోధకులు 2002లో కనిపెట్టింది దీన్నే. గర్భంలో మెదడు కణాలు సరిగా విభజన చెందడానికి ఈ జీన్ కావాలి. రెండు ప్రతుల్లో ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. రెండూ చెడితే కణాలు తగ్గి మెదడు చిన్నదవుతుంది. మా అమ్మానాన్నల్లో ఒకరి నుంచి అది నాకూ అక్కకూ వచ్చింది, అక్క నుంచి నా భార్యకు వచ్చింది. ఇలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఈ లెక్క మాత్రం నాకు వెంటనే అర్థమైంది. దోషంలో సగం నాది, సగం ఆమెది.

ఇంటికొచ్చి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే గ్రహణం కాదా మామా?" అంది.

మేనరికం మానితే చాలంటారు కొందరు. చాలదు. అగర్వాలులు సొంత గోత్రంలో చేసుకోరు. అయినా వారి పిల్లల్లో ఏడాదిలోపే తల విపరీతంగా పెరిగే జబ్బును ముంబైలో డాక్టర్ భీమ్ సేన్ సింఘాల్ 1990లలో గుర్తించారు. వారిలో చాలామందికి ఎంఎల్‌సీ1 జీన్‌లో ఒకే మార్పు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే కులాల్లో ఇలా జరుగుతుంది. నాయకరాజుల కాలం నుంచి కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో ఉంటున్న మనమూ అలాగే చేసుకుంటూ వచ్చాం.

మా అమ్మాయీ ఆ మేనబావా ఇద్దరూ వాహకులే అని తేలింది. సంబంధం వదులుకున్నాం. ఏడాదిపాటు ఆ ఇంటితో రాకపోకలు లేవు. 2021లో దూరపు సంబంధం చేశాం, ఆ అబ్బాయికీ పరీక్ష చేయించాకే. ఖర్చు తక్కువేమీ కాలేదు. ట్రస్టు వైద్య సహాయంలో దీనికీ కొంత కేటాయించమని పెద్దలను కోరుతున్నాను.

మనవరాలి మొదటి పుట్టినరోజున నా భార్య కుట్టుమిషను టేపుతో పాప తల కొలిచింది. నలభై ఐదున్నర. నమ్మకం కుదరక ఇంకోసారి కొలిచింది.