బెజవాడ మార్కెట్‌కు స్పీకరు గారి పేరు

ఈ పూట విజయవాడ వన్‌టౌన్‌కు వెళ్దాం. అక్కడి పాత కూరగాయల మార్కెట్ పేరు కాళేశ్వరరావు మార్కెట్. బేరాల హడావుడిలో అది కె.ఆర్. మార్కెట్ అయిపోయింది, ఆ రెండక్షరాల వెనక ఎవరున్నారో అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఆయన అయ్యదేవర కాళేశ్వరరావు. 1881లో నందిగామలో పుట్టారు. బెజవాడలో వకీలుగా పేరు తెచ్చుకున్నారు, పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకూ వెళ్లారు. నాకు మాత్రం ఆయనలోని పుస్తకాల మనిషే ఎక్కువ ఇష్టం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు తదితరులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టారు. తెలుగులో చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలు అచ్చువేసిన సంస్థ అది. తానూ చరిత్ర గ్రంథాలు రాశారు, ఆత్మకథ రాశారు. 1956 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యారు. 1962లో కన్నుమూశారు.

ఇంత పెద్దమనిషి పేరు వంకాయల అంగడికా అనకండి. బెజవాడను పెంచింది వ్యాపారమే. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట లేచింది, కాలువల్లో పడవలు తిరిగాయి. 1893లో నదిపై రైలు వంతెన వచ్చింది. నీటి దారీ రైలు దారీ కలిసిన చోట సరుకు దిగింది, వన్‌టౌన్‌లో కొట్లు వెలిశాయి. ఊళ్లో బజారు, దీపం, మురుగుకాలువ చూసుకోవాల్సింది మున్సిపాలిటీయే. ఆ మున్సిపాలిటీ అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న మనిషి పేరు మార్కెట్‌కు అతికినట్టుంది.