కణితి రకమూ ఆయుష్షూ

భీమవరంలో 1895లో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, తరువాత న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి ఈ ప్రసంగం అంకితం. ఆయన 1948లో కన్నుమూసేనాటికి, ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ వైద్యుల దృష్టిలో ఒకే వ్యాధి. ఆయన బృందం నుంచి వెలువడిన మెథోట్రెక్సేట్, అంటే కణ విభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం కణానికి ఉపయోగపడకుండా అడ్డుకునే మందు, రొమ్ము కణితులను కరిగించగలదని 1951లో న్యూయార్క్‌లో జేన్ రైట్ చూపినప్పుడు కూడా ఏ రకం కణితి అన్న ప్రశ్న తలెత్తలేదు.

ఆ ప్రశ్నకు బీజం మాత్రం పాతదే. అండాశయాలు తొలగిస్తే కొందరిలో కణితి తగ్గుతుందని 1896లోనే స్కాట్లాండ్‌లో జార్జ్ బీట్సన్ ప్రకటించినా, ఆ కొందరెవరో ముందుగా తెలియక ఎందరో స్త్రీలు నిష్ప్రయోజనమైన శస్త్రచికిత్సలకు గురయ్యారు. షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్‌సెన్, అండాశయాలు స్రవించే హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే రిసెప్టర్‌ను, అంటే హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్‌ను గుర్తించి, అది ఉన్న కణితులే హార్మోన్ చికిత్సకు లొంగే అవకాశం ఉందని చూపడంతో జవాబు దొరికింది. 1977లో అమెరికాలో ఆ రిసెప్టర్‌ను అడ్డుకునే మందు టామాక్సిఫెన్‌కు అనుమతి లభించింది.

అసలు చరిత్ర హెర్-2ది. కణం పెరుగుదలను పురిగొల్పే ఈ ప్రోటీన్ జన్యువు అధిక ప్రతులుగా ఉన్న కణితులు త్వరగా తిరగబెడతాయని, ఆ రోగుల ఆయుష్షు తక్కువని 1987లో లాస్ ఏంజెలెస్‌లో డెన్నిస్ స్లామన్ బృందం వెల్లడించింది. 1998లో ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు వచ్చింది. 469 మంది స్త్రీలపై జరిపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, కీమోకు దానిని జోడించినప్పుడు మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగం మంది రోగులు దాటిన కాలం, 20.3 నెలల నుంచి 25.1 నెలలకు పెరిగింది. కీమో మాత్రమే తీసుకున్నవారిలో చాలామంది తరువాత అదే మందుకు మారినా ఆ తేడా నిలిచింది. తరువాత మరో అధ్యయనంలో, హెర్-2పైనే పనిచేసే మందు పెర్టుజుమాబ్‌ కూడా చేరాక అది 56.5 నెలలైంది. ఒకనాడు భయపెట్టిన గుర్తు ఇలా మందుకు గురిగా మారింది. కనుక ఉపరకాన్ని కణితి స్వభావంగానే చూడడం సరికాదు; అది అందుబాటులో ఉన్న చికిత్సకు కూడా కొలమానమే.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్లు, హెర్-2 మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ రకం ఇందుకు చేదు సాక్ష్యం. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నమోదుల ప్రకారం, రోగ నిర్ధారణ నాటికే దూరావయవాలకు పాకినవారిలో అయిదేళ్లు జీవించేది ఈ రకంలో సుమారు ఏడుగురిలో ఒకరు. హార్మోన్ రిసెప్టర్లు, హెర్-2 రెండూ ఉన్న రకంలో సగానికి కొంచెం తక్కువ. నల్లజాతి స్త్రీలలో ట్రిపుల్ నెగటివ్ వాటా ఎక్కువ కావడంతో, జీవశాస్త్రపు అన్యాయానికి వైద్యం అందని అన్యాయం తోడవుతోంది. ఇక్కడా మార్పు మొదలైంది: అంతకుముందే కీమోలు వాడిన రోగులలో సాసిటుజుమాబ్ అనే మందు మధ్యస్థ ఆయుర్దాయాన్ని 6.7 నెలల నుంచి 12.1 నెలలకు పెంచింది. అయితే ఏడాది చాలదు.

ఆ నమోదుల్లో హెర్-2 వివరం 2010 నుంచే చేరింది. అయిదేళ్లు గడిచాకే తేలే ఈ లెక్క ఎప్పుడూ నిన్నటి మందుల లెక్కే. పైగా, పాకిన చోట కణితి గుణం మారవచ్చు కాబట్టి, వీలైతే అక్కడి ముక్కను మళ్లీ పరీక్షించడం అవసరం. ఆయుర్దాయపు అంకె విన్న తెలుగు కుటుంబాలు, అది ఏ ఉపరకానిదో, ఏ సంవత్సరాల రోగులదో వైద్యులను తప్పక అడగాలి.