“వాడంతే” అనేయకండి: మేధో వైకల్యం, ఆరోగ్యం

ఈ ఎపిసోడ్‌లో మేధో వైకల్యం గురించి మాట్లాడుకుందాం. ఇళ్లలో బుద్ధిమాంద్యం అంటూంటామే, అదే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇది మానసిక జబ్బు కాదు. డిస్లెక్సియాలా చదవడం, రాయడం వరకే ఉండే ఇబ్బందీ కాదు. కొత్త విషయం నేర్చుకోవడం, డబ్బులు లెక్కపెట్టడం, ఒంటరిగా బస్సెక్కడం, ఇలాంటి రోజువారీ పనుల్లో చిన్నప్పటి నుంచే కష్టం ఉంటుంది.

కారణాలేంటి? కొన్ని పుట్టకముందువి. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము రెండుకి బదులు మూడు ఉంటాయి. ఈ సంగతి 1959లో బయటపడింది. గర్భిణికి రుబెల్లా సోకినా, అయోడిన్ బాగా తక్కువైనా బిడ్డ మెదడు దెబ్బతినవచ్చు. కొన్ని కాన్పు సమయంలో వస్తాయి, బిడ్డకి ఆక్సిజన్ అందకపోవడం లాంటివి. కొన్ని పుట్టాక, అంటే మెదడువాపు, తలకు గట్టి దెబ్బ. చాలామందిలో ఎంత వెతికినా కారణం దొరకదు. కాబట్టి గ్రహణమనీ, తల్లి చేసిన తప్పనీ దయచేసి అనకండి.

ఒకటి మాత్రం ఆపగలం. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్ని పసిబిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో కనిపెట్టవచ్చు. మొదటి రెండు వారాల్లోనే మందు మొదలుపెడితే మెదడుకి జరిగే నష్టం చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పాతికేళ్ల అబ్బాయి ఉన్నాడనుకోండి. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. నెల రోజులుగా అన్నం కంచం తోసేస్తున్నాడు, చెంప మీద కొట్టుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లు ఏమంటారు? “వాడంతేనండీ.” ఒక్కోసారి డాక్టరుగారూ అదే అంటారు. నోరు తెరిపించి చూస్తే లోపల పుచ్చిపోయిన పన్ను! నొప్పి అని చెప్పడం రాక, చేత్తో చెప్పాడన్నమాట.

వైకల్యం చాటున జబ్బు ఇలాగే దాక్కుంటుంది. వీళ్లలో మూర్ఛ, మలబద్ధకం, చెవి, కంటి సమస్యలు మిగతావాళ్లకంటే ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగంమందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. అందుకే పుట్టగానే గుండె స్కానింగ్, ఏటా థైరాయిడ్ పరీక్ష చేయించాలి. నలభై దాటాక మతిమరుపు జబ్బు కూడా త్వరగా రావచ్చు.

మరి మనమేం చేయాలి? ఒక నోటుబుక్కు పెట్టండి. తిండి, నిద్ర, విరేచనం, ఫిట్స్, ఆడపిల్లలకైతే నెలసరి, అన్నీ రాయండి. డాక్టరు దగ్గర “ఇదివరకు ఇలా ఉండేవాడు, ఫలానా రోజు నుంచి ఇలా మారాడు” అని చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు చూసే తీరు మారుతుంది. పరీక్షలకీ, శిక్షణకీ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది. కేంద్రం ఇచ్చే నిరామయ బీమా గురించీ కనుక్కోండి.

ప్రవర్తన మారిందంటే ముందు ఒంట్లో ఏముందో చూపించండి. ఆ తర్వాతే “వాడంతే” అనండి. అప్పుడు అసలు అనాల్సిన పనే ఉండకపోవచ్చు.