ఏరు ఎటు పోతోంది?

 

మేము సోషల్ చెబుతాం. మన తూర్పు కనుమల ఏరులన్నీ తూర్పుకు పారి బంగాళాఖాతంలో కలుస్తాయని ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాం. రోజూ బలిఘట్టంలో వరాహ నది పక్కనుంచే బండి మీద వెళ్లేవాళ్లం. బుర్రలో సిలబస్, పరీక్షలు, పిల్లల ఫలితాలు. ఏటివైపు చూసింది లేదు.

ఒక సాయంత్రం టైరు పంక్చరైంది. తోసుకుంటూ వస్తుంటే మా ఏడో తరగతి కుర్రాడు వెనకనుంచి ఓ చెయ్యి వేశాడు. "మాస్టారూ, ఏరు ఇక్కడ ఉత్తరానికి తిరుగుతాది, చూశారా?" అన్నాడు. ఆగి చూశాం. నిజమే. శివరాత్రికి అంతమంది ఇక్కడికి స్నానానికి వచ్చేది అందుకేనని విన్నాం గానీ, నిలబడి చూసింది ఆ రోజే.

ఉపకారవేతనాలు ఇచ్చేటప్పుడు "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడుగుతాం. డాక్టరు, కలెక్టరు అంటారు, సంతోషిస్తాం. అడగడం తప్పు కాదు. మర్నాటినుంచి మాత్రం హాజరు పిలిచేముందు మేము ఇంకో ప్రశ్న వేస్తున్నాం: "ఇవాళ పొద్దున్న ఏం చూశావు?" మొదట నవ్వారు. తర్వాత ఆపడం మా వల్ల కాలేదు. తడి వాకిట్లో పిచ్చుక అడుగులట. దాదా వజూ చేసే చోట మొలిచిన టమాటా మొక్కట.

ఒకరోజు ఒక పిల్ల లేచి, "పొయ్యి చూశాను మాస్టారూ, వెలగలేదు" అంది.

ఫస్ట్ పీరియడ్ పాఠం జరగలేదు. టిఫిను తెప్పించాం. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. ఆ పిల్ల అప్పటికి రెండేళ్లుగా మా ఎదుట మొదటి బెంచీలోనే కూర్చుంటోంది.