నొప్పి తగ్గింది కదా అని కోర్సు మధ్యలో ఆపేస్తున్నారా?



పోయినేడాది మా తమ్ముడికి కడుపులో ఒకటే మంట. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కుని వేసుకునేవాడు. చివరికి ఎండోస్కోపీ చేస్తే అల్సర్ అని తేలింది. కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. డాక్టర్ గారు 14 రోజులకి మందులు రాశారు. అయిదో రోజుకే మంట తగ్గింది. "ఇంకెందుకన్నా ఇన్ని బిళ్లలు?" అని ఆపేశాడు. రెండు నెలలకి కథ మళ్లీ మొదటికొచ్చింది!

ఒకప్పుడు అల్సర్ అంటే కారం వల్ల, టెన్షన్ వల్ల అనేవాళ్లు. 1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ ఈ బ్యాక్టీరియాని తనే తాగేసి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించారు. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది.

మరి ఇన్ని బిళ్లలు ఎందుకు? ఈ బ్యాక్టీరియా కడుపు లోపలి జిగురు పొరలో దాక్కుంటుంది. ఒక్క యాంటీబయాటిక్‌తో మొత్తం చావదు. అందుకే కనీసం రెండు ఇస్తారు, ఒకదాన్ని తట్టుకున్నది రెండోదానికి దొరకాలని. వాటితో పాటు ఒమెప్రజోల్ లాంటి బిళ్ల యాసిడ్ తగ్గించి, యాంటీబయాటిక్స్ బాగా పనిచేసేలా చేస్తుంది. కొందరికి బిస్మత్ కూడా కలిపి నాలుగు రకాలు ఇస్తారు.

మంట తగ్గిందంటే యాసిడ్ తగ్గిందని, అంతే. బ్యాక్టీరియా పోయిందని కాదు! మధ్యలో ఆపితే బతికిపోయినవి మొండికేస్తాయి, అవే మందులు రెండోసారి పనిచేయకపోవచ్చు. మా వాడికీ మందులు మార్చి, మళ్లీ 14 రోజులు వాడించారు. వదిలేస్తే అల్సర్ నుంచి రక్తం పోవచ్చు, కొందరిలో ఏళ్ల తరవాత క్యాన్సర్‌కీ దారితీయొచ్చు.

నోరు చేదుగా ఉండటం, బిస్మత్ వేసుకుంటే మలం నల్లగా రావడం మామూలే, కంగారు పడొద్దు. కానీ ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పెన్సిలిన్ పడకపోతే డాక్టర్‌కి ముందే చెప్పండి. మెట్రోనిడజోల్ ఉంటే మందు జోలికి వెళ్లొద్దు.

కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలకి శ్వాస పరీక్ష గానీ, మల పరీక్ష గానీ చేయించుకోండి. దానికి రెండు వారాల ముందే యాసిడ్ బిళ్ల ఆపాలి, డాక్టర్‌ని అడిగి ఆపండి. బ్యాక్టీరియా పోయిందని తేల్చేది ఆ రిపోర్టే.

ఇప్పుడే ఫోన్‌లో 14 రోజులకి అలారం పెట్టేసుకోండి.